7 రోజులా, 21 రోజులా?

1994 సెప్టెంబర్‌లో సూరత్‌ను ప్లేగు భయం పట్టుకున్నప్పుడు మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరక్కుండా పోయింది. జబ్బు లేనివాళ్లూ కొని దాచుకున్నారు. లక్షల మంది ఊరు వదిలారు. ఆ మందుల కుటుంబంలో తొలిదైన ఆరియోమైసిన్, మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన సారథిగా ఉన్న లెడర్లీ మందుల కంపెనీలోనే బయటపడింది. ప్లేగు మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చి సూరత్‌ను శుభ్రం చేసిన ఎస్.ఆర్.రావూ తెలుగువాడే. ఈ రెండూ చెప్పుకుని మురిసిపోవచ్చు. కానీ మందు ఉన్నంత మాత్రాన వైద్యం జరిగినట్టు కాదు. పసికందుల మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాలకు సానపట్టే కార్ఖానాల పేట. పక్కనే వేడ్ రోడ్డులో ఒడిశా కార్మికులు నడిపే మరమగ్గాలు. నగరంలో ఇంకోవైపు, లింబాయత్ ప్రాంతంలో, తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలున్నాయి. ఇలాంటి ఇళ్లలో మూడు వారాల బిడ్డ పాలు మానేస్తే, మగతగా పడి ఉంటే, ఒళ్లు కాలినా చల్లబడినా, అది మెనింజైటిస్ కావచ్చన్న అనుమానం ఎవరికీ తొందరగా రాదు. పెద్దవాళ్లలోలా మెడ బిగుసుకోవడం ఈ వయసులో చాలాసార్లు కనబడదు. మాడు ఉబ్బేసరికి, ఫిట్స్ వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

ఇక చికిత్స. రక్తంలో సూక్ష్మజీవిని చంపే మందు మెదడు దాకా చేరాలని లేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ చాలా మందులను వడకట్టేస్తుంది. జెంటమైసిన్ అందుకు మంచి ఉదాహరణ. తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకు తర్ఫీదిచ్చి, ఇంటి దగ్గరే ఆ ఇంజక్షన్ చేయించారు. ఇతర సంరక్షణతో కలిపి నవజాత శిశు మరణాలను 62 శాతం తగ్గించగలిగారని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. 2014లో కేంద్రం కూడా ఆసుపత్రికి తీసుకెళ్లలేని పరిస్థితుల్లో ఏఎన్ఎంలు జెంటమైసిన్ ఇవ్వవచ్చని మార్గదర్శకాలిచ్చింది. ఈ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను, వేలెత్తి చూపేవాళ్లకు పల్లె రాత్రులు తెలియవు. అయితే అదే జెంటమైసిన్ మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే వెన్నునీటిలోకి సరిపడా చేరదు. కాబట్టి మెనింజైటిస్‌కు అది ఒక్కటే ఆధారం కాకూడదు. సెఫోటాక్సిమ్ చేరుతుంది. దాని తోబుట్టువు సెఫ్ట్రియాక్సోన్ కూడా చేరుతుంది కదా అని వాడేస్తే నవజాత శిశువుల్లో వేరే చిక్కు: కామెర్లను ముదరబెట్టవచ్చు, కాల్షియంతో కలిస్తే గడ్డకడుతుంది. మెరోపెనెమ్ అయితే మామూలు మోతాదుకు రెట్టింపు కావాలి.

అసలు తగవు రోజుల దగ్గరుంది. రక్తంలో ఇన్ఫెక్షన్‌కు, అంటే సెప్సిస్‌కు, 7 నుంచి 10 రోజులు చాలవచ్చు. అదే మెదడు పొరలకు పాకితే, గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్‌కు కనీసం 14 రోజులు, ఈ-కొలై, క్లెబ్సియెల్లా లాంటివాటికి కనీసం 21 రోజులు ఇంజక్షన్లు ఇవ్వాలి. ఏది ఉందో తేల్చేది వెన్నునీటి పరీక్ష. రక్తం కల్చర్ చాలదా అంటే చాలదు. మెనింజైటిస్ ఉన్న నవజాత శిశువుల్లో దాదాపు మూడోవంతు మందికి రక్తంలో ఏమీ పెరగదు. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయన్న భయం మన ఊళ్లలోనూ ఉంది. నిజానికి సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువన. ఈ మాట తల్లికి ఆమె భాషలో చెప్పే మనిషి వార్డులో లేకపోతే, పరీక్ష జరగదు. ‘సెప్సిస్’ అని రాసి, జ్వరం తగ్గగానే వారం రోజులకే ఇంటికి పంపేస్తారు. నా లెక్కలో, మందుల కొరత కన్నా ఎక్కువ కీడు చేసేది ఇదే.

దీనికి మొండి సూక్ష్మజీవులు తోడు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో 2011-14 మధ్య జరిగిన అధ్యయనంలో నవజాత శిశువుల నుంచి తీసిన అసినెటోబ్యాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం పలు వర్గాల మందులకు లొంగలేదు. చివరి అస్త్రం కొలిస్టిన్ మెదడులోకి సరిగా వెళ్లదు.

రోజులు తగ్గించలేమా అని అడగడం సబబే. బంగ్లాదేశ్, ఈజిప్ట్, మలావీ, పాకిస్తాన్, వియత్నాంలలో మెనింజైటిస్ వచ్చిన పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఐదో రోజుకు నిలకడగా ఉన్న పిల్లలకు సెఫ్ట్రియాక్సోన్ ఐదు రోజులిచ్చినా, పదిరోజులిచ్చినా ఫలితం ఒక్కటే. కానీ అందులో రెండు నెలలు నిండని బిడ్డ ఒక్కరూ లేరు. హిబ్, న్యుమోకాకస్ టీకాలు మొదలయ్యేదీ ఆరో వారంలోనే. టీకా అందని, చిన్న కోర్సు పనికొస్తుందని తేలని వయసు నవజాత శిశువులది.

మూడు వారాలు వార్డులో ఉండటమంటే ఇద్దరి కూలీ పోవడం. తండ్రి మగ్గం దగ్గర లేకపోతే ఆ చోటు వేరొకరిది. కాబట్టి సూరత్‌లోని న్యూ సివిల్, స్మీమర్ లాంటి ఆసుపత్రుల్లో తల్లికి భోజనం, పడక, కొంత కూలీ భత్యం కూడా చికిత్స ఖర్చులోనే లెక్కకట్టాలి. డిశ్చార్జి కాగితం మీద ఎన్ని రోజుల కోర్సు, ఎన్ని పూర్తయ్యాయి, వినికిడి పరీక్ష ఎప్పుడు అన్నది కుటుంబం చదవగలిగే భాషలో ఉండాలి. మెనింజైటిస్ నుంచి బతికిన బిడ్డకు చెవుడు రావచ్చు. ఆ పరీక్ష గడువు వచ్చేసరికి కుటుంబం కరీంనగర్‌లో ఉండవచ్చు, ఒడిశాలోని గంజాంలో ఉండవచ్చు. అక్కడి డాక్టర్ చేతికి అందాల్సింది ఆ కాగితమే.