కలకత్తా కప్పు పోటీ: అభిమానమును, అంచనాయు

ఇంగ్లండు, స్కాట్లండు దేశముల రగ్బీ జట్లు ఏటేట కలకత్తా కప్పునకై తలపడుట 1879వ సంవత్సరము నుండి వచ్చుచున్న యాచారము. రెండు మహాయుద్ధములు మొదలగు కొన్ని యంతరాయములు తప్ప అది సాగుచునే యున్నది. ఆ పోటీ మరల సమీపించుచున్నది. గెలుపెవరిదను ప్రశ్నకు స్కాట్లండు పక్షమువాడనగు నేనును ఒక సమాధానము చెప్పదలచితిని. అయితే ఎవరు గెలువవలెనని కోరుదుమో అది యొకటి; ఎవరు గెలుతురని తలంతుమో అది వేఱొకటి. ఈ రెంటిని కలిపివేయుట అభిమానులకు సహజమగు దోషము. అందుచేత నా కోరికను ప్రక్కనుంచి విషయమును తూచి చూచెదను.

ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి మనము అని చదువరులు శంకింపవచ్చును. ఆ కప్పు మన దేశపు వెండి. 1872వ సంవత్సరము క్రిస్మస్ దినమున కలకత్తాలోని ఆంగ్లేయులు, స్కాట్లండువారు మొదలగువారు రెండు పక్షములుగ నేర్పడి రగ్బీ ఆడిరి. మఱుసటి యేడు అచ్చట నొక క్లబ్బు వెలసెను. కాని యెండల దేశమున ఆ యాట నిలువలేదు. టెన్నిసు, పోలోల వైపు జనము మరలిరి, సభ్యులు తగ్గిరి. క్లబ్బు మూతపడినపుడు బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగ తీసికొని, వానిని కరగించి, మూడు త్రాచుపాములు పిడులుగను, మూతపై ఏనుగును గల కప్పును చేయించి, 1878లో ఇంగ్లండు రగ్బీ సంఘమునకు కానుకగ నిచ్చిరి. చేతనున్న ధనమును పంచుకొనక, ఆట బ్రదుకుటకై యిచ్చిన ఆ క్లబ్బువారి యుదారబుద్ధి మెచ్చదగినది.

రగ్బీని చూడనివారికొఱకు రెండు మాటలు. ఒక్కొక్క పక్షమున పదునైదుగురు. ఆట 80 నిమిషములు. కోడిగ్రుడ్డు వలె నుండు బంతిని చేతబట్టి పరుగెత్తుచు ఎదిరి గీత దాటి నేలకు తాకించిన 5 పాయింట్లు. దీనిని ట్రై యందురు. ఆ వెంటనే బంతిని స్తంభముల నడుమ తన్నిన మఱి 2. ఎదిరి తప్పు చేసినపుడు దొరకు పెనాల్టీని తన్ని నెగ్గిన 3. బంతిని ముందునకు విసరరాదు. పరుగెత్తువానిని పట్టి పడవేయుటలో మన చెడుగుడు కొంత స్ఫురించును.

ఇక తూకము. 2018 నుండి 2025 వఱకు జరిగిన ఎనిమిది పోటీలలో స్కాట్లండు అయిదును, ఇంగ్లండు రెండును గెలిచెను. 2019 నాటిది 38-38తో సమమయ్యెను. ఆ దినమున స్కాట్లండు మొదట 31-0తో వెనుకబడి, పిదప ఇంగ్లండును దాటి ముందునకు వచ్చి, తుది క్షణమున గెలుపును జారవిడిచెను. లండనులోని ట్వికెన్హాము మైదానమున 1983 తర్వాత గెలుపెఱుగని స్కాట్లండు 2021లో 11-6తోను, 2023లో 29-23తోను అచ్చటనే గెలిచెను. కావున మైదానము ఎవరిదను లెక్కకు ఇప్పుడంత విలువ లేదు. 2024లో ఎడింబరోలోని మర్రేఫీల్డున దుహాన్ వాన్ డెర్ మెర్వె యొక్కడే మూడు ట్రైలు చేసి జట్టును 30-21తో గెలిపించెను.

ఇంగ్లండు వైపు చెప్పవలసినది స్వల్పము కాదు. 1879 నుండి లెక్కించిన గెలుపులు వారివే హెచ్చు. స్కాట్లండు జనసంఖ్య సుమారు 55 లక్షలు. ఇంగ్లండు దానికి పదింతలు. స్కాట్లండునకు జీతములిచ్చి ఆడించు పెద్దజట్లు ఎడింబరో, గ్లాస్గో అను రెండే. ఇంగ్లండునందు ఒకడు గాయపడిన అంతటివాడు మఱియొకడు సిద్ధముగ నుండును. బదులుగ వచ్చు ఎనమండుగురు క్రొత్త బలముతో దిగు చివరి యిరువది నిమిషములలో ఈ కలిమి తేటపడును.

2025 నాటి ఆట స్కాట్లండువారు మరువరాని పాఠము. వారు మూడు ట్రైలు చేసిరి. ఇంగ్లండు ఒక్కటే చేసెను. అయినను ఇంగ్లండు 16-15తో గెలిచెను. కారణమేమి? మూడు ట్రైల వెంట వచ్చిన మూడు తన్నులను ఫిన్ రస్సెల్ గుఱి తప్పెను. వానిలో చివరిది ఆట ముగియవచ్చిన వేళ. ఇంగ్లండు మాత్రము పెనాల్టీలవలన 9 పాయింట్లు కూడబెట్టుకొనెను. రస్సెల్ మిగుల నేర్పరి. అతని చేతినుండి బంతి పోవు త్రోవలు ఎదిరికి అంతుపట్టవు. అయినను ప్రేక్షకులు కరతాళములు చేయు పని వేఱు, గెలుపు తెచ్చు పని వేఱు అని ఆ దినము చాటెను.

మఱియొక లెక్కను చూడుడు. ఆ ఎనిమిది పోటీలలో ఆరింట తేడా 7 పాయింట్లకు, అనగా తన్నుతో కూడిన ఒక్క ట్రైకి, మించలేదు. ఆ యారింటిలో స్కాట్లండు మూడు గెలిచెను, ఇంగ్లండు రెండు. కావున స్కాట్లండువారు బిగువైన ఆటలో జాఱిపోవుదురను పూర్వపు నింద నిలువదు.

ఇప్పుడు నా తీర్పు. త్రాసు స్కాట్లండు వైపే కొంచెము మొగ్గుచున్నది. కోరికయు, లెక్కయు ఒకే వైపు నిలిచినపుడు మనిషి తన్ను తాను మఱింత శంకించుకొనవలెను. నేను అట్లే శంకించుకొని మరల తూచితిని. ఏడు పాయింట్లకు లోపు తేడాతో స్కాట్లండు గెలుచునని నా యంచనా. ఓడినచో పరుగులలో లోపముచేత గాక, తప్పులుచేసి పెనాల్టీలిచ్చుటచేతను, దొరకిన తన్నులను పోగొట్టుకొనుటచేతను ఓడును.

పాఠశాల జట్లలో ఆడు బాలురు దీనిని గమనింతురు గాక. సాయంకాలమున మైదానము ఖాళీయైన పిదప ఒంటరిగ నిలిచి గుఱి సాధించువానిని ఎవరును మెచ్చరు. కాని 16-15 వంటి ఆటలో వానికే పని పడును.