ఐస్‌లాండ్ మహిళల లీగ్: నారు పోసేది ఒకరు, కోత కోసేది మరొకరు

ఐస్‌లాండ్ మొత్తం జనాభా నాలుగు లక్షల లోపే. మన గుంటూరు నగరం కన్నా తక్కువ. అయినా ఆ దేశ మహిళల ఫుట్‌బాల్ జట్టు 2009 నుంచి 2025 వరకు వరుసగా ఐదు యూరో టోర్నీలకు అర్హత సాధించింది. ప్రపంచమంతా అబ్బురంగా చెప్పుకున్న పురుషుల జట్టు తొలిసారి యూరో ఆడింది 2016లో. అంటే ఆ మెట్టును మహిళలు ఏడేళ్ల ముందే ఎక్కారు. ఈ ఘనతకు పునాది దేశంలోని అగ్రశ్రేణి మహిళల లీగ్. ఇప్పుడు ఆ పునాదికే పరీక్ష ఎదురవుతోంది.

1972లో మొదలైన ఈ లీగ్ 2022 నుంచి ‘బెస్టా డెయిల్డ్’ పేరుతో జరుగుతోంది. బరిలో పది జట్లు ఉంటాయి. ఒక్కో జట్టు 18 మ్యాచ్‌లు ఆడాక మొదటి ఆరు జట్లు టైటిల్ కోసం, చివరి నాలుగు జట్లు లీగ్‌లో నిలవడం కోసం విడిగా తలపడతాయి. శీతాకాలంలో బయట ఆడటం కష్టం కాబట్టి సీజన్ వసంతంలో మొదలై శరదృతువుతో ముగుస్తుంది. 2000 నుంచి దేశమంతటా కట్టిన ఇండోర్ మైదానాలు చలికాలపు సాధనకు దారి చూపాయి. పిల్లలకు సైతం యూఈఎఫ్ఏ లైసెన్సు ఉన్న కోచ్‌లే ఆట నేర్పుతారు. క్రీడాకారిణుల సంఖ్య తక్కువ కావడంతో ప్రతిభ ఉన్న అమ్మాయిలు పదహారు, పదిహేడేళ్లకే సీనియర్ జట్టులోకి వచ్చేస్తారు.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. హౌకార్ క్లబ్‌లో ఎదిగిన సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్ 2020 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లియోన్ తరఫున గోల్ కొట్టింది. స్టియార్నన్‌కు ఆడిన గ్లోదిస్ పెర్లా బయెర్న్ మ్యూనిక్ కెప్టెన్ అయింది. కెఫ్లావిక్ అమ్మాయి స్వెయిందిస్ యానె జర్మనీ మీదుగా అమెరికా లీగ్‌కు చేరింది. జాతీయ జట్టులో ఎక్కువ మంది విదేశాల్లోనే ఆడుతున్నారు. ఇది దేశానికి గర్వకారణమే. మరి వారిని తీర్చిదిద్దిన క్లబ్‌కు దక్కుతున్నదేమిటి?

పురుషుల ఫుట్‌బాల్‌లో యువ ఆటగాడు మరో దేశానికి వెళితే, అతన్ని తయారుచేసిన క్లబ్‌కు ఫిఫా నిబంధనల ప్రకారం ‘శిక్షణ పరిహారం’ అందుతుంది. మహిళల ఫుట్‌బాల్‌కు ఈ నిబంధన వర్తించదు. ఎదుగుతున్న ఆటపై భారం పడకూడదన్నది ఈ మినహాయింపు వెనుక ఉన్న వాదన. బదిలీ రుసుములో చిన్న వాటా దక్కే ఏర్పాటు ఉన్నా, అసలు రుసుమే తక్కువైనప్పుడు వాటా ఎంత ఉంటుంది? పెద్ద లీగ్‌ల్లోకి డబ్బు వస్తున్న కొద్దీ ఈ మినహాయింపు వల్ల మేలు పొందేది కొనేవారే తప్ప పెంచేవారు కాదు.

దీని ప్రభావం లీగ్ పట్టికలోనే కనిపిస్తోంది. 2011 నుంచి 2017 వరకు టైటిల్ స్టియార్నన్, థోర్/కేఏ, బ్రెయిదాబ్లిక్‌ల మధ్య చేతులు మారింది. ఉత్తరాన అకురేరిలో రెండు ప్రత్యర్థి క్లబ్‌లు కలిసి నడిపే థోర్/కేఏ సైతం 2012, 2017ల్లో విజేతగా నిలిచింది. 2018 నుంచి 2025 వరకు మాత్రం రాజధాని ప్రాంతానికి చెందిన బ్రెయిదాబ్లిక్, వాలూర్ తప్ప మరో క్లబ్ గెలవలేదు. ఆ అగ్ర జట్లకూ యూరప్‌లో కష్టమే. 2021-22 చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరిన తొలి ఐస్‌లాండ్ క్లబ్ బ్రెయిదాబ్లిక్. పారిస్ సెయింట్ జెర్మేన్, రియల్ మాడ్రిడ్ ఉన్న ఆ గ్రూప్‌లో ఒక్క గోల్ కూడా చేయలేక ఒకే పాయింట్‌తో వెనుదిరిగింది.

సమానత్వానికి పేరుపడ్డ దేశమైనా అక్కడ అంతా సవ్యంగా లేదు. జాతీయ జట్లకు సమాన బోనస్‌లను 2018లో ప్రకటించిన సమాఖ్యే, లైంగిక దాడి ఆరోపణలపై వ్యవహరించిన తీరుకు 2021లో తీవ్ర విమర్శలపాలైంది. అధ్యక్షుడు, కార్యవర్గం తప్పుకున్నాక మాజీ క్రీడాకారిణి వాందా సిగుర్‌గెయిర్స్‌దోత్తిర్ పగ్గాలు చేపట్టారు.

భారత్‌కు ఇందులో పాఠం ఉంది. ఐస్‌లాండ్‌లో టాప్ ఆరు జట్లు సీజన్‌కు 23 మ్యాచ్‌లు ఆడతాయి. 140 కోట్లకు పైగా జనాభా ఉన్న మన ఇండియన్ విమెన్స్ లీగ్‌లో 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లే. నిజామాబాద్ బిడ్డ సౌమ్య గుగులోత్ 2022లో మరో చిన్న దేశమైన క్రొయేషియాకు వెళ్లి డినామో జాగ్రెబ్‌కు ఆడింది. చిన్న లీగ్‌లు తమ అమ్మాయిలకే కాదు, మన అమ్మాయిలకూ తలుపు తెరుస్తున్నాయి.

2025 యూరోలో ఐస్‌లాండ్ మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఒక్క టోర్నీని బట్టి తీర్పు చెప్పలేం. కానీ ఎక్కడో మెరిసే తారల మూలాలు చిన్న ఊళ్ల క్లబ్‌లలోనే ఉన్నాయి. అక్కడి ఖర్చులో న్యాయమైన వాటా తిరిగి చేరేలా నిబంధనలు మారకపోతే, రేపటి తారలను తయారుచేసే శక్తి ఆ క్లబ్‌లకు మిగలదు.