ఆ గోతిలో ఏం పాతారు?

అర్ధరాత్రి. దొడ్లో లాంతరు వెలుగు. పంచె ఎగ్గట్టిన ఓ పంతులుగారు గునపం పట్టుకుని గొయ్యి తవ్వుతున్నారు. గోడ అవతల పక్కింటివాళ్లు పీటలెక్కి తొంగి చూస్తున్నారు. లంకెబిందెలు దొరికినట్టున్నాయని గుసగుసలు. తెల్లారేసరికి ఊరంతా అదే మాట...

అంతవరకే గుర్తు. తరవాతేమైందో గుర్తులేదు. పంతులుగారు ఆ గోతిలో పాతిందేమిటో అసలే గుర్తులేదు. పుస్తకం పేరు తెలీదు. రాసినవారెవరో తెలీదు. గోధుమరంగు అట్ట, వీపున అంటించిన నల్లగుడ్డ... ఇవే ఆనవాళ్లు.

హైదరాబాద్‌లో కూతురింట్లో ఉంటున్న ఓ డెబ్భయ్యేళ్ల అమ్మమ్మ, తొమ్మిదేళ్ల మనవడికి ఓ రాత్రి ఈ కథ మొదలుపెట్టి సరిగ్గా ఇక్కడ ఆగిపోయింది. వాడు నిద్రపోయుంటే గొడవే లేకపోను. పోలేదు. "గోతిలో ఏం పాతారమ్మమ్మా?" అన్నాడు. మర్నాడు బడినుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా మళ్లీ అదే ప్రశ్న. వాడి సంగతెలా ఉన్నా, ఇప్పుడు ఆవిడకే నిద్రపట్టడం మానేసింది.

ఆవిడ పుట్టింది కోనసీమలో ఓ పల్లెటూళ్లో. 1960ల మొదట్లో ఎండాకాలం రాత్రిళ్లు వాకిట్లో నీళ్లు చల్లి నులకమంచాలు వాల్చేవారు. బడిపంతులైన తండ్రి లాంతరు ఒత్తి పెంచి, ఆ నల్లవీపు పుస్తకం తెరిచి, పైకి చదివేవారు. పిల్లలు మంచాలమీద దొర్లి దొర్లి నవ్వేవారు. తల్లి వంటిల్లు సర్దుకొచ్చి గుమ్మంలో కూర్చునేది. విననట్టే ఉండి అంతా వినేది. నవ్వొస్తే కొంగు నోటికడ్డం పెట్టుకునేది.

ముందుగా కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. పంతులు, గొయ్యి, లాంతరు అని కొట్టి చూసింది. బోరుబావులు తవ్వేవాళ్ల ఫోన్ నంబర్లు వచ్చాయి.

తరవాత చుట్టాలకు ఫోన్లు. నవ్వించే పుస్తకమనగానే నలుగురిలో ముగ్గురు చెప్పింది ఒకటే... 'బారిస్టర్ పార్వతీశం'! మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరి, తెలియక ఆడవాళ్ల టోపీ కొనుక్కునే కథ తెలియని తెలుగు ఇల్లుంటుందా? ఆవిడకూ తెలుసు. అయినా మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చదివింది. చాలా ఏళ్ల తరవాత వచ్చిన రెండు, మూడు భాగాలు కూడా వదల్లేదు. అందులో పార్వతీశం బారిస్టరై తిరిగొస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, స్వాతంత్ర్య పోరాటంలోకీ దిగుతాడు. టోపీ దగ్గర మనవడు పడీపడీ నవ్వాడు. గొయ్యి మాత్రం ఎక్కడా తగల్లేదు.

"అయితే చిలకమర్తి వారి గణపతి అయుంటుంది. అది మనింట్లో చదివినట్టు నాకు బాగా గుర్తు" అంది ఆవిడ, పిన్ని కూతురికి ఫోన్ చేసి. "మనింట్లో ఆ పుస్తకమెక్కడిదే? పంచాయతీ రేడియో దగ్గర కూర్చుని నాటకం విన్నాం కదా!" అంది ఆ చెల్లెలు. నిజమే. విజయవాడ రేడియో కేంద్రం ప్రసారం చేసిన గణపతి నాటకం విని ఊళ్లకు ఊళ్లు నవ్వాయి. చెవితో విన్నదాన్ని ఇన్నేళ్లూ కంటితో చదివినట్టు దాచుకుందన్నమాట! ఇలా పోల్చుకోలేని జ్ఞాపకాలు ఇంకెన్ని ఉన్నాయో అని ఆవిడకు కాస్త గుబులేసింది.

పంతులుగారి కథ కాబట్టి తరవాతి వంతు మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం కథలది. ఆయన స్వయంగా బడిపంతులు కూడాను. భార్య తెలివి, భర్త బింకం, చివరికి ఆయన ఓడిపోవడం... చదువుతుంటే తల్లీ తండ్రీ కళ్లముందు మెదిలారు. గొయ్యి లేదు. ఇల్లాలి కబుర్లయితే పురాణం సీత అనే పేరు చూడమన్నాడు అల్లుడు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారే ఆ పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాశారు. పాత పుస్తకం వెతికేవాళ్లు కలంపేర్లు కూడా చూసుకోవాలని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణే కానీ, అవి ఆవిడ చిన్నతనం గడిచాక వచ్చినవి.

ఓ గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన పెద్దాయన మరో దారి చూపించారు. "దొడ్లో పాతిపెట్టడమంటే మోలియర్ అయుంటుందమ్మా" అన్నారు. ఫ్రాన్సు నాటకకర్త మోలియర్ 1668లో ప్రదర్శించిన పిసినారి నాటకంలో, ముసలాయన డబ్బు పెట్టెను తోటలో పాతిపెడతాడు. హాస్యబ్రహ్మ భమిడిపాటి కామేశ్వరరావు గారు మోలియర్ నాటకాలను తెలుగులోకి తెచ్చినవారే. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కానీ పిసినారి కథ చదివితే అందులో పంతులూ లేడు, లాంతరూ లేదు, పీటలెక్కిన పక్కింటివాళ్లూ లేరు.

చివరికి ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌మీద పాత పుస్తకాల మధ్య కూర్చున్న వ్యాపారి ఒక్క మాటతో సగం ముడి విప్పేశాడు. "గోధుమ అట్ట, వీపున నల్లగుడ్డ అంటున్నారు. అట్టమీద పేరుందా?" అనడిగాడు. లేదంది. "మరది కంపెనీ వేసిన పుస్తకం కాదమ్మా. ఎవరో వారపత్రికల్లోంచి కాగితాలు చింపి బైండు చేయించుకున్నది" అన్నాడు.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అదే అలవాటు. వారం వారం వచ్చే సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, వరసలో పేర్చి, బైండరు దగ్గరికి పంపేవారు. ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' కూడా 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చాకే పుస్తకమైంది. అలా పుస్తకం కాని రచనలు ఎన్నో! వాటి పేరూ ఊరూ మొదటి వారం కాగితంమీద ఉంటాయి. బైండులో అన్నిటికన్నా ముందు చిరిగిపోయేది ఆ కాగితమే.

కూతురు మళ్లీ కంప్యూటర్ తెరిచింది. 2000 తరవాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను భద్రపరిచింది. తల్లీకూతుళ్లు నెలరోజులపాటు పాత సంచికలు తిరగేశారు. పళ్లపొడి ప్రకటనలు దొరికాయి, జవాకుసుమం నూనె ప్రకటనలు దొరికాయి. గొయ్యి దొరకలేదు.

ఇక మిగిలింది ఒక్కరే... రాజమండ్రిలో ఉన్న అన్నయ్య. ఆవిడకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. మొదటే అడగాల్సిన మనిషిని చివరికెందుకు మిగిల్చిందంటే, ఆయనకు వినపడదు. ఫోన్‌లో బాగున్నావా అంటే బాగున్నావా వరకే. ఆ తరవాత ఇద్దరూ అరుచుకోవడమే. దాంతో ఫోన్లు తగ్గాయి. రాకపోకలూ తగ్గాయి. ఆయన్ను చూసి మూడేళ్లు దాటిందని ఆవిడకు రైలెక్కాకగానీ లెక్కకు రాలేదు.

అన్నయ్య మనిషి తగ్గిపోయాడు. కుర్చీలో కూర్చుని వీధికేసి చూస్తున్నాడు. మాట్లాడటమే మానేశారని వదినగారు చెప్పింది. మనవడు తన నోటుపుస్తకం తీసి పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: 'పంతులుగారు గోతిలో యేం పాతేరు?' ఇంగ్లీషు మీడియం తెలుగు!

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఉన్నట్టుండి భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు.

"ఆవకాయరా! యాభై కాయల ఆవకాయ!" అన్నాడు. "చెల్లాయ్, అది పుస్తకంలో కథనుకున్నావా? ఆ లాంతరు పట్టుకుంది నేనే!"

సంగతేమిటంటే, ఓ ఎండాకాలం అమ్మ పురిటికి పుట్టింటికెళ్లింది. ఆవకాయకేముంది, నేను పెట్టేస్తానన్నారు నాన్నగారు. కాయలు కొట్టించారు. ముక్కలు శుభ్రంగా కడిగారు. కడిగి, తుడవకుండానే కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపేశారు. తడి తగిలితే ఆవకాయ నిలుస్తుందా? పదిహేనో రోజున మూత తీస్తే జాడీనిండా బూజు. ఇంకో రెండ్రోజుల్లో అమ్మ వస్తోంది. పగలు పారబోస్తే ఊరంతా చూస్తుంది. అందుకని అర్ధరాత్రి, కొడుకు చేతికి లాంతరిచ్చి, దొడ్లో మల్లెపాదు పక్కన గొయ్యి తవ్వారు. తెల్లారాక పక్కింటాయన, మీ దొడ్లో పాదులు చేసిపెడతానంటూ గునపంతో సహా వచ్చి కూర్చున్నాడు!

"మరి అమ్మకు తెలిసిందా?" అని మనవడి చేత రాయించింది ఆవిడ.

"తెలీకేం? మల్లెపాదు మాడిపోయిందిగా. అంత ఉప్పు పడితే ఏ మొక్క బతుకుతుంది? అమ్మ అడగలేదు, నాన్నగారు చెప్పలేదు. ఆ మరుసటేడు ఓ రాత్రి పుస్తకం చదువుతూ చదువుతూ, తల ఎత్తకుండా, ఇదీ అందులోదే అన్నట్టు మొత్తం చదివేశారు. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు కదా. ఆయన చేతనైనట్టు అడిగారు."

"అమ్మేమంది?"

"కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ పంతులు ముక్కలు తుడుచుకునుంటే సరిపోయేది, అంది. అంతే!"

ఆ నల్లవీపు పుస్తకం 1986 ఆగస్టు గోదావరి వరదల్లో ఇంటి సామానుతో పాటు పోయిందట. ఉన్నా అందులో ఈ కథ ఉండేది కాదు. ఏ కొట్లోనూ, ఏ గ్రంథాలయంలోనూ దొరకని కథకు ఉన్న ఒక్క ప్రతీ రాజమండ్రిలో కుర్చీలో కూర్చునుంది.

రెండ్రోజులుందామని వెళ్లినవాళ్లు వారం ఉండిపోయారు. మనవడు ప్రశ్న రాయడం, పెద్దాయన జవాబు చెప్పడం. వాడి నోటుపుస్తకం నిండిపోతే వదినగారు ఇంకోటి కొనిపెట్టింది. అసలు పుస్తకంలో ఉన్నవేవో, నాన్నగారు కలిపినవేవో ఇప్పుడు విడదీయడం కష్టం. విడదీయాలని ఎవరూ అనుకోలేదు కూడా.

మీ ఇంట్లోనూ ఇలా సగం గుర్తున్న పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. వెతకండి. కంప్యూటర్లో వెతకండి, పాత పుస్తకాల కొట్లలో వెతకండి. అంతకన్నా ముందు, అప్పుడు మీ పక్కన కూర్చుని నవ్విన మనిషిని ఓసారి అడగండి.

బయల్దేరేటప్పుడు వదినగారు చిన్న జాడీతో ఆవకాయ ఇచ్చింది. రైలు కదులుతుంటే అన్నయ్య కిటికీ దగ్గరికొచ్చి, వినపడనివాళ్లకుండే పెద్ద గొంతుతో, ప్లాట్‌ఫారమంతా వినేలా అరిచాడు.

"ముక్కలు తుడిచే పెట్టాం, భయం లేదు!"