సంపాదకుని మాట: కల్లం దగ్గర

ఈ సంచిక పని పద్ధతుల మీద. పెద్ద కంపెనీల సంగతులు లోపలి పేజీల్లో ఉన్నాయి. నా మనసు మాత్రం బస్తర్‌లోని ఆవపల్లి వైపు, బీడీలు చుట్టే తునికాకు మీదికి పోతోంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలు కొట్టకపోతే ఎండాకాలంలో మంచి ఆకు రాదు. అప్పుడు ఎంత ఏరినా దండగే. కట్టకు 50 ఆకులు, ప్రామాణిక సంచికి వెయ్యి కట్టలు. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచి ధరను 4,000 నుంచి 5,500 రూపాయలు చేసింది. కల్లంలో కట్టలు తిరగేస్తూ ఎండబెట్టి, సంచుల్లో కుక్కే ముందు నీళ్లు చిలకరిస్తారు. లేకుంటే ఆకు పొడైపోతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ల పని అది!

కట్టల లెక్కలో తేడా మాత్రం కల్లంలోనే, కోసినవాళ్ల ఎదుటే తేలాలి. గోదాములో తేలితే కోత ఎవరి కూలిలో పడుతుందో చెప్పక్కర్లేదు.