బండి జారితే ఏం చెయ్యాలో మనకెవరు నేర్పారు?

ఈ వేసవిలో పి.గన్నవరం వెళ్ళినప్పుడు మా అన్నయ్య కూతురు ఫోనులో ఒక వీడియో చూపించింది. మలుపులో కారు వెనక భాగం పక్కకి జారిపోతోంది, టైర్లు పొగలు కక్కుతున్నాయి, అయినా బండి దారి తప్పడం లేదు. ‘‘దీన్ని డ్రిఫ్టింగంటారత్తా, నాకు నేర్చుకోవాలనుంది’’ అంది. ‘‘ముందు తిన్నగా తోలడం నేర్చుకో’’ అంది వదిన వంటింట్లోంచి. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వే తరవాత నన్ను వదల్లేదు.

అదే ఇంట్లో దాని తమ్ముడు కోతలైన చేలో మా నాన్నగారి పాత అంబాసిడర్‌ని గిర్రున తిప్పుతాడు. ఒకసారి గట్టుకి గుద్ది బంపరు సొట్ట పెట్టాడు. మగపిల్లాడు, చెయ్యి తిరగొద్దా అన్నారు. నా ఇరవై రెండో ఏట, తొలకరి వానలో, కాలవ గట్టు మీద బంకమట్టికి ఇదే కారు వెనక నించి జారింది. భయపడి బ్రేకు బలంగా తొక్కేశాను. కాలవలో పడకుండా కొబ్బరిచెట్టు ఆపింది. మర్నాటి నించి తాళం నాకు దొరకలేదు. మళ్ళీ స్టీరింగు పట్టేసరికి పదిహేనేళ్ళయింది. నాకు నేర్పిన మాస్టారు హారను కొట్టమనీ, నెమ్మదిగా పొమ్మనీ చెప్పారు గాని, జారితే ఏం చెయ్యాలో చెప్పలేదు.

చెప్పాల్సింది పెద్దదేం కాదు. బ్రేకు తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోయి స్టీరింగు మాట వినవు. ఏక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, వెనక భాగం ఎటు జారుతోందో అటే స్టీరింగు తిప్పాలి. కళ్ళు కాలవ మీద కాదు, వెళ్ళాల్సిన దారి మీద ఉండాలి. డ్రిఫ్టింగు చేసేవాళ్ళు ఈ జారుడునే కావాలని తెచ్చుకుని, ఏక్సిలరేటరుతో నిలబెడతారు. అందుకే వెనక చక్రాలతో నడిచే బండి కావాలి. ముందు చక్రాలతో నడిచే మారుతి 800 లాంటివాటిలో హేండ్‌బ్రేకు లాగితే ఒక్కసారి జారి ఊరుకుంటుంది. పోటీ బండికి వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్ మారుస్తారు, స్టీరింగు మరింత తిరిగేలా చేస్తారు, లోపల ఇనప చట్రం బిగిస్తారు. నేర్చుకునేవాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు. తడిపిన ఖాళీ మైదానం, వెనక అరిగిన టైర్లు, మధ్యలో గుర్తుకి ఒక పాత టైరు, దాని చుట్టూ నెమ్మదిగా తిరగడం, పక్కన తెలిసిన మనిషి. రోడ్డు మీద మాత్రం వద్దు. మన కోనసీమ రోడ్లకి చాలాచోట్ల ఒక పక్క కాలవ, రెండో పక్క చేను. అక్విడక్టు మీద ఈ విన్యాసాలు చేస్తే ఎవరో ఒకరి ప్రాణం పోతుంది. బహిరంగ రోడ్ల మీద పందేలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం కూడా.

జపానులో 1970లలో కునిమిత్సు తకహాషి ఈ విద్యని రేసు ట్రాకు మీద చూపించాడు. కేయిచి త్సుచియా కొండదారుల్లో సాధన చేసి పేరు తెచ్చుకున్నాడు. సౌదీ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి రియాద్ వీధుల్లో కార్లు జారించారు. ఆ దేశంలో స్త్రీకి స్టీరింగు పట్టే అనుమతి వచ్చింది మాత్రం 2018 జూన్‌లో! పాలస్తీనా అమ్మాయి నూర్ దావూద్ రేసులతో పాటు డ్రిఫ్టింగూ చేసింది. ఆమె జట్టు మీద 2015లో ‘స్పీడ్ సిస్టర్స్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది.

ఏ విద్యకైనా కొన్ని తప్పులు ఖర్చవుతాయి. మగపిల్లవాడి తప్పుని ఇల్లు చదువు ఖర్చులో రాసుకుంటుంది. ఆడపిల్ల తప్పుని మాత్రం సాక్ష్యంగా దాచిపెడుతుంది. పరిశోధన పేరుతో ఎన్నో ఊళ్ళలో స్త్రీలని చదువు గురించీ, కూలి గురించీ అడిగాను. తప్పు చెయ్యడానికి మీకు చోటెక్కడ దొరికిందని ఒక్కరినీ అడగలేదు. డ్రైవింగు స్కూళ్ళు జారుడు పాఠం చెప్పాలనీ, అందుకు ఊళ్ళో ఒక మైదానం ఆదివారాలు ఆడపిల్లలకివ్వాలనీ అడగడంలో అత్యాశేముంది?

వచ్చే దాళ్వా కోతలయ్యాక చేను ముందు అమ్మాయికివ్వమని అన్నయ్యతో చెప్పాను. టైర్లెవరు కొంటారంది వదిన. నేనే అన్నాను. అయితే తనూ ఒకసారి కూచుంటానంది. అన్నయ్య ఇంకా ఏమీ అనలేదు.