చీకట్లో దారి చూపే కాళ్లు



హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి కుళాయి దగ్గరకు ఎలా వెళ్లేవాళ్లమో గుర్తుందా? ముందు చల్లటి గచ్చు, తర్వాత గడప, వరండా మెట్లు, ఆపైన కంకర. కంకర గుచ్చుకుందంటే కుళాయి దగ్గరకొచ్చినట్టే. కళ్లకు ఏమీ కనపడకపోయినా ఎక్కడున్నామో కాళ్లు చెప్పేవి.

ఇదే పనిని 2020లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ‘ఎనిమల్’ అనే నాలుగు కాళ్ల రోబో చేత చేయించారు. దారి తెలుసుకోవడానికి కెమెరా గానీ, లేజర్ గానీ వాడలేదు. చెక్కతో ఎత్తుపల్లాలు కట్టి, వాటి మ్యాప్ మాత్రం ముందే ఇచ్చారు. పాదం నేలను తాకినప్పుడల్లా కాలి కీళ్లు ఎంత వంగాయో, ఒళ్లు ఎటు ఒరిగిందో కొలిచి రోబో ఆ చోటి ఎత్తు తెలుసుకుంటుంది. ఇక్కడ ఉండొచ్చు, అక్కడ ఉండొచ్చు అని ఎన్నో ఊహలు పెట్టుకుని, అడుగడుగుకీ మ్యాప్‌తో పొసగని వాటిని తీసేస్తూ పోతుంది. ఎత్తుపల్లాలు బాగా ఉన్నచోట పొరపాటు 10 సెంటీమీటర్ల దాకా తగ్గింది. చదును నేల మీద మాత్రం ఈ పద్ధతి సాగదు. అన్ని అడుగులూ ఒకేలా ఉంటే ఏ ఊహను తీసేయాలి?

ఇలాంటి రోబోలు మన మార్టూరు చుట్టుపక్కల పొలాలకు అవసరమని నా అభిప్రాయం. మన నల్లరేగడి వానకు బంక, ఎండకు నెర్రెలు. మిరప చేను కమ్ముకున్నాక కింద నేల కనపడదు. దుమ్ము, మందు తుంపరలు పడితే కెమెరా మసకబారుతుంది. డ్రోను పైనుంచి చల్లి పోతుంది. ఆకు అడుగున చూడాలంటే చేలో దిగి నడవాల్సిందే. వీపున ట్యాంకు కట్టుకుని మన నాన్నలు పీలుస్తున్న విషాన్ని ఒక యంత్రం మోస్తే అంతకంటే ఏం కావాలి?

అయితే మిరప కోతను కూడా యంత్రానికి అప్పగించాలని నేననను. మా అమ్మ కోత కూలితోనే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది. ఏ పని యంత్రానికి ఇవ్వాలో, ఏది మనిషికి ఉంచాలో తేల్చే చోట కూలీల పిల్లలు కూడా కూర్చోవాలి. కూర్చోవాలంటే ఆ చదువు మనకు రావాలి.

మనవల్ల అవుతుందా అంటారేమో. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట పుట్టిన రాజ్ రెడ్డి గారు తమ కుటుంబంలో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషి. 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయనే తొలి డైరెక్టర్. మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయంలో మార్క్ రైబర్ట్ కాళ్ల రోబోల కోసం ఒక ప్రయోగశాల పెట్టి, ఒంటికాలితో గెంతే రోబోను తయారుచేశారు. రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయనది రైతు కుటుంబం, మనలో చాలామందిది కూలి కుటుంబం. తేడా ఉంది, కాదనను. కానీ మొదటి మెట్టు ఆయనకూ కొత్తదే.

తమ్ముళ్లూ, పదో తరగతి కాగానే ‘లెక్కల గ్రూపు మనకెందుకులే’ అని వదిలేయకండి. రోబో ఊహలను వడకట్టే పద్ధతికి మూలం సంభావ్యత పాఠంలోని బేయస్ సిద్ధాంతమే. అది ఇంటర్ లెక్కల్లోనే ఉంది. చీకట్లో కాళ్లతో దారి వెతుక్కోవడం మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాన్ని లెక్కగా రాయడం కూడా నేర్చుకుందాం.