దానంతట అదే

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి మోటారుబండి కడుపులో ఏమున్నదో ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. నిజమే. సంధులూ సమాసాలూ విడదీయటమే గాని, గేరుపెట్టె విప్పి చూసిన పాపాన నేనెన్నడూ పోలేదు. కాని రెండేళ్ళ కిందట జనవరిలో, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, ముక్కు గుంటలో పెట్టి తోక పైకెత్తిన ఒక పికప్ బండిలో కూర్చుని ఉండగా, నాకు ఆ విషయం మీద ఎక్కడలేని జిజ్ఞాస పుట్టుకొచ్చింది.

మా అక్కయ్యా బావగారూ గ్రాండ్ రాపిడ్స్ పట్టణానికి దాపున ఒక పల్లెలో ఇరవై ఏళ్ళుగా కాపురం ఉంటున్నారు. బావగారు యంత్రభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. అక్కడ చలిగాలి మిచిగన్ సరస్సు మీదుగా వస్తూ తేమను మూటగట్టుకుని, ఒడ్డు దాటగానే ఆ మూట విప్పుతుంది. అందుకని ఆ పక్క ఊళ్ళలో మంచు మరీ ఎక్కువ. మా మేనల్లుడికి పదిహేడు నిండి లైసెన్సు రాగానే బావగారు వాడికోసమని ఒక పాత పికప్ కొన్నారు. ముందు మనుషులు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి.

“చిన్నకారు కొంటే సరిపోయేదిగా?” అన్నదట అక్కయ్య.

“ఇది నాలుగు చక్రాలూ లాగే బండి. మీట ‘ఆటో’లో పెడితే చాలు. మంచయినా బురదయినా దానంతట అదే చూసుకుంటుంది” అన్నారట బావగారు.

ఆ ‘దానంతట అదే’ అన్న మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

భోగి ముందురోజు అరిసెలకు బెల్లం చాలలేదు. పట్నంలో ఇండియా సరుకులమ్మే కొట్టుకు నేనూ మేనల్లుడూ బయలుదేరాం. రాత్రంతా మంచు కురిసి ఆగింది. ఊరి బయట ఒక మిట్ట ఉన్నది. మాకు ముందు ఎవరిదో చిన్నకారు ఆ మిట్ట ఎక్కలేక, చక్రాలు వట్టినే గిర్రున తిరుగుతూ, ఉన్నచోటనే ఊగుతున్నది. మావాడు దాన్ని తప్పించి, నిమ్మళంగా ఎక్కించేశాడు. బండి జారలేదు, తడబడలేదు. మన ఊళ్ళో తారురోడ్డు మీద పోయినట్టే పోయింది.

“చూశావా మామయ్యా!” అన్నాడు గర్వంగా. చూశాను. నాకూ గర్వంగానే ఉన్నది.

మిట్ట దాటగానే పల్లం. పల్లం చివర నాలుగు దార్ల కూడలి. అక్కడ ఆగి తీరాలని ఎర్ర పలక. మావాడు రోజూ తొక్కేచోటే బ్రేకు తొక్కాడు. కాలికింద గడగడమని ఏదో కొట్టుకున్నది. బండి మాత్రం ఆగలేదు. అబ్బాయి ముఖం తెల్లబోయింది. ఎర్రపలక మా పక్కనుంచి వెళ్ళిపోయింది. కూడలి వెళ్ళిపోయింది. అవతల గుంటలో మెత్తగా దిగబడ్డాం. మేం పల్లానికి దిగుతూ ఉండగానే ఆ అడ్డదారిన ఒక పాలట్యాంకరు వెళ్ళటం నేను కళ్ళారా చూశాను. నిమిషం తేడా. అంతకన్న ఇక్కడ రాయను.

దెబ్బలు తగల్లేదు. దగ్గరి పొలం ఆసామి ఒకాయన ట్రాక్టరు తెచ్చి బయటికి లాగాడు. గొలుసు విప్పుతూ మావాడితో ఏదో అన్నాడు. వాడు నాకు తెలుగులో చెప్పాడు: “పోవటానికి నీ బండి మంచిదే. ఆగటానికి మాత్రం, మా ముసలామె చిన్నకారూ నీ బండీ ఒకటే.”

ఆ రాత్రి అక్కయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. అరిసెలు చెయ్యలేదు. బావగారే చివరికి గొంతు సవరించుకుని, “ఆ మాట అన్నది నేను. అది ఏమి చూసుకుంటుందో, ఏమి చూసుకోదో వాడికి చెప్పకపోవటం నాదే తప్పు” అని, కొడుకునూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆనాటి పాఠం నా భాషలో మీకు అప్పజెబుతున్నాను.

పికప్‌లో సాధారణంగా ఇంజను బలం వెనకచక్రాలకే పోతుంది. తొట్టిలో సామాను ఉంటే ఆ బరువుకు వెనకచక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి. తొట్టి ఖాళీగా ఉంటే వెనక తేలిక. మంచులో అవి వట్టినే తిరుగుతాయి. అందుకని ముందుచక్రాలకు కూడా బలం పంచే ఏర్పాటు పుట్టింది. 1946లో డాడ్జి కంపెనీవారి ‘పవర్ వాగన్’ అనే బండి అలాంటి ఏర్పాటుతోనే మామూలు జనానికి అమ్మకానికి వచ్చింది. గేరుపెట్టె వెనక మరొక పెట్టె ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. వచ్చిన బలాన్ని ఒక ఇరుసు కడ్డీతో వెనక్కీ, మరొక కడ్డీతో ముందుకూ పంపటం దాని పని.

“అయితే ఎప్పుడూ నాలుగు చక్రాలకూ పంపిస్తే పోలేదా?” అన్నాను.

బావగారు నవ్వి, “మీ తాతగారి కళ్ళంలో నూర్పిళ్ళు చూశావా?” అని అడిగారు.

చూడకేం! నడుమ గుంజ. దానికి వరుసగా కట్టిన పశువులు. గుంజ పక్కది దాదాపు ఉన్నచోటనే అడుగులు వేస్తుంది. చివర ఉన్నది మాత్రం వగర్చుకుంటూ పరుగెత్తాలి. రెండూ ఒకే అడుగు వెయ్యాలని పట్టుబడితే తలుగు తెగుతుంది.

బండి మలుపు తిరిగేటప్పుడూ అదే జరుగుతుంది. ముందు ఇరుసు పెద్ద వలయం మీదా, వెనక ఇరుసు చిన్న వలయం మీదా పోతాయి. పెద్ద పికప్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ రమారమి 12 అడుగులు ఉంటుంది. వెనక ఇరుసు నడిమి భాగం 25 అడుగుల వ్యాసార్ధంతో ఒక చుట్టు తిరిగితే 157 అడుగులు నడుస్తుంది. అదే చుట్టులో ముందు ఇరుసు 174 అడుగులు నడవాలి. రెండు కడ్డీలనూ కలిపి బిగించేస్తే ఈ 17 అడుగుల తేడా ఎక్కడికి పోవాలి? మంచులోనో బురదలోనో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన రోడ్డు మీద జారటానికి వీల్లేదు. యంత్రంలోనే మెలిపడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, టైర్లు అరుగుతాయి, పళ్ళచక్రాల మీద భారం పడుతుంది. అందువల్ల పాత పద్ధతి బండ్లలో డ్రైవరు అవసరమైనప్పుడు బిగించాలి, అవసరం తీరాక వదలాలి. ఒకప్పుడు చాలా బండ్లలో, చలిలో కిందికి దిగి, ముందుచక్రాల నడిమి బిళ్ళలను చేత్తో తిప్పితే గాని పని జరిగేది కాదు.

ఈ బిగించటం, వదలటం యంత్రమే చేసుకుంటే అదే ‘ఆటో’. 1990ల చివరికి అమెరికాలో పెద్ద పికప్‌లలో ఇది వచ్చేసింది.

దాని గుట్టు చూపించటానికి బావగారు లేచివెళ్ళి, అక్కయ్య దాచుకున్న పాత వారపత్రికలు రెండు తెచ్చారు. ఒకదాని పుటల మధ్య మరొకదాని పుటలు, పేకముక్కలు కలిపినట్టు, చొప్పించారు. “ఆ కొస నువ్వు పట్టుకుని లాగు” అన్నారు. సులువుగా జారివచ్చింది. మళ్ళీ చొప్పించి, పైన అరచేత్తో గట్టిగా నొక్కారు. “ఇప్పుడు లాగు.” లాగాను. రాలేదు. ఇంకా లాగితే చిరిగేట్టున్నది.

“ట్రాన్స్‌ఫర్ కేసులో ఉన్నది ఇదే. ఒక పుస్తకం పుటలు వెనక కడ్డీవి, రెండో పుస్తకం పుటలు ముందు కడ్డీవి. కాగితాలకు బదులు నూనెలో మునిగిన గుండ్రని రేకులు. నొక్కకపోతే దేని దోవన అది తిరుగుతుంది. కొంచెం నొక్కితే కొంచెం బలం ముందుకు పోతుంది. గట్టిగా నొక్కితే రెండు కడ్డీలూ ఒకటవుతాయి. ఆ నొక్కే అరచెయ్యి ఒక చిన్న కరెంటు మోటారు.”

“మరి ఎప్పుడు నొక్కాలో దానికెలా తెలుస్తుంది?”

ప్రతి చక్రం దగ్గరా పళ్ళున్న బిళ్ళ ఒకటి, దాని ఎదుట పళ్ళు లెక్కపెట్టే సెన్సారు ఒకటి ఉంటాయి. చక్రం చుట్టుకొలత సుమారు ఎనిమిది అడుగులు. గంటకు 30 మైళ్ళ వేగంలో అది సెకనుకు అయిదుసార్లకు పైగా తిరుగుతుంది. బిళ్ళకు 48 పళ్ళు ఉన్నాయనుకుంటే, సెకనుకు రెండు వందల యాభైకి పైగా సంకేతాలు. వాటిని కంప్యూటరు క్షణక్షణం పోల్చి చూస్తుంది. మలుపులో ముందుచక్రాలు జోరుగా తిరగటం సహజమని ఇందాక చూశాం. అలాకాక వెనకచక్రాలే ముందువాటిని మించి తిరిగాయంటే, అది మలుపు కాదు, జారుడు. వెంటనే మోటారు రేకులను నొక్కుతుంది. చాలా బండ్లలో జారేదాకా కూడా ఆగదు. మనం పెడలు గట్టిగా తొక్కగానే, జారవచ్చునని ఊహించి, ముందే కాస్త నొక్కి ఉంచుతుంది. ఇదంతా మనం కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. పట్టు దొరకగానే మళ్ళీ వదులుతుంది.

విన్నకొద్దీ నాకు ఆ యంత్రం మీద గౌరవం పెరిగింది. అయినా అడగవలసిన ప్రశ్న మిగిలే ఉన్నది. అది మావాడే అడిగాడు. “అంత తెలివిగలదైతే మరి ఎందుకు ఆగలేదు నాన్నా?”

“అది ఇంజను బలాన్ని పంచేది. బ్రేకు వేసినప్పుడు పంచటానికి బలమేదిరా? బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. నీ కాలికింద గడగడలాడింది, చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును పట్టి వదిలే ఏర్పాటు. స్టీరింగు పనిచెయ్యటానికి అది పనికొస్తుంది. అంతేగాని రోడ్డులో లేని పట్టును అది ఎక్కణ్ణుంచి తెస్తుంది?”

కాగితం మీద ఉజ్జాయింపుగా లెక్కవేసి చూపించారు. గంటకు 30 మైళ్ళు, అంటే 48 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టినాక, ఎండిన రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో బండి ఆగుతుంది. అణిగిన మంచు మీద 45 మీటర్లు కావాలి. గాజులా గడ్డకట్టిన మంచు మీద 90 మీటర్లు. ఈ లెక్కలో రెండు చక్రాలు లాగే బండికీ నాలుగు లాగే బండికీ తేడా లేదు.

ఆ తరువాత బావగారు అన్న మాట నేను మరిచిపోలేనిది.

“ఆ చిన్నకారు మిట్ట దగ్గర వట్టినే తిరిగిందన్నారే, అది ఆ కారుకు రోడ్డు చేసిన హెచ్చరిక. ‘ఇక్కడ పట్టులేదు, జాగ్రత్త’ అని. మన బండికీ ఆ మాట చెప్పింది. బండి విన్నది, సర్దుకున్నది, వీడిదాకా రానివ్వలేదు. వీడికి రోడ్డు బాగున్నట్టే అనిపించింది. అదే వేగంతో పల్లానికి దిగాడు.”

మా తాతగారి ఎడ్లబండి జ్ఞాపకం వచ్చింది. వానకాలంలో ఎద్దు ఒక్క అడుగు తడబడితే పాలేరు బండి ఆపి, దిగి, కర్రతో బురద లోతు చూసేవాడు. ఎద్దు తడబాటును మనిషికి తెలియనివ్వని బండి అయితే, ఆ కర్ర దించేవాడెవడు?

బావగారు చెప్పిన జాగ్రత్తలు మరి నాలుగు ఉన్నాయి. ఎక్కడ ఎండి ఉన్నదో ఎక్కడ తడిగా ఉన్నదో తెలియని రోడ్డుకు ‘ఆటో’ మంచిది. దారి పొడుగునా లోతు మంచో ఇసుకో ఉంటే, రెండు కడ్డీలనూ గట్టిగా కలిపే ‘4హెచ్’ గుర్తు వాడాలి. లేకపోతే రేకులు అదేపనిగా ఒరుసుకుని వేడెక్కుతాయి. దిగబడ్డ బండిని మెల్లగా ఈడ్చుకు రావటానికి ‘4ఎల్’ ఉన్నది. అందులో వేగం తగ్గి, లాగే బలం రెండున్నర రెట్లకు పైగా అవుతుంది. టైర్లు నాలుగూ ఒకే కొలతవి, ఒకే మాదిరి అరిగినవి అయి ఉండాలి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే కంప్యూటరు దాన్ని జారుడని భ్రమపడి ఊరికే నొక్కుతూ ఉంటుంది.

మన వైపు కూడా పికప్‌లు తయారవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీ ఫ్యాక్టరీ 2016లో మొదలయింది. అక్కడి నుంచి వచ్చిన ‘వి-క్రాస్’ బండ్లలో నాలుగు చక్రాల రకానికి రెండు చక్రాలా, నాలుగా అని మీట తిప్పవలసినవాడు డ్రైవరే. ఎండిన రోడ్డు మీద ఆ మీట నాలుగులో ఉంచి తిరగకూడదని ఎందుకంటారో, కళ్ళం లెక్క చదివిన మీకు ఈపాటికి బోధపడే ఉంటుంది.

అంతా విని అక్కయ్య మొదటిసారి నోరు విప్పింది. “పాఠం బాగానే ఉన్నది గాని, నా పత్రికలు ఇలా నలిపేశారేమిటండీ? అందులో సీరియల్ ఉన్నది!” అన్నది. అందరం నవ్వాం. పొయ్యి వెలిగింది. అరిసెలు మర్నాడు తెల్లవారకముందే అయ్యాయి.

మేం తిరిగి వచ్చేలోగా బావగారు కొడుక్కి ఒక అలవాటు చేశారు. మంచు రోజున ఇల్లు కదలగానే, వెనకా ముందూ ఎవరూ లేనిచోట, మెల్లగా పోతూ బ్రేకు ఒకసారి తొక్కి చూడాలి. బండి ఎంత దూరంలో ఆగితే ఆనాటి రోడ్డు అంతటిదన్నమాట. ‘ఆటో’ ఆ తరువాతనే.

మొన్న ఫోనులో వాణ్ణి అడిగాను, “ఏరా, బండి దానంతట అదే చూసుకుంటున్నదా?” అని.

“చూసుకుంటోంది మామయ్యా. ముందు నేను చూశాకనే” అన్నాడు.